ఫ్రాన్స్‌లో ఇంగ్లీషువాళ్ళకు కాగితాలతో ఎందుకింత గొడవ?

బ్రిటన్‌లో ఉద్యోగం చేసి రిటైరైన ఒకావిడ భర్తతో కలిసి ఫ్రాన్స్‌లో ఏదో పల్లెకు వెళ్ళి స్థిరపడిందనుకుందాం. కొన్నాళ్ళకు ఆరోగ్య బీమా కార్డు వస్తుంది. దాన్ని అక్కడ కార్ట్ వితాల్ అంటారు. చూస్తే దాని మీద చాలాసార్లు ఆవిడ పుట్టింటి పేరే ఉంటుంది. నలభై ఏళ్ళుగా పాస్‌పోర్టులో, బ్యాంకులో, పెన్షన్ కాగితాల్లో అన్నిచోట్లా భర్త ఇంటిపేరే ఉన్నా సరే. ఇది గుమాస్తా చేసిన తప్పనుకుని దిద్దమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాళ్ళు ఎందరో. కానీ అది తప్పు కాదు. జనన పత్రంలో ఉన్న పేరు తప్ప ఇంకో పేరు ఏ పౌరుడూ పెట్టుకోకూడదని 1794 ఆగస్టు 23న ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం చట్టం చేసింది, ఆ నియమం ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రెంచి స్త్రీలు కూడా పెళ్ళయ్యాక భర్త పేరు వాడుకోవచ్చు గానీ, ప్రభుత్వం లెక్కలో వాళ్ళ అసలు పేరు పుట్టినప్పటిదే.

ఫ్రాన్స్‌లో ఉండే ఇంగ్లీషువాళ్ళ ఫిర్యాదులు వింటే సగానికి సగం ఇలాంటివే. ఫ్రెంచివాళ్ళు మొండివాళ్ళు, కావాలనే తిప్పిస్తారు, విదేశీయులంటే గిట్టదు అంటారు. నాకలా అనిపించదు. ఆ గుమాస్తా తోటి ఫ్రెంచివాణ్ణి కూడా అలాగే తిప్పిస్తాడు. గొడవంతా రెండు రాజ్యాలు రెండు రకాలుగా పెరగడంలో ఉంది, ఆ తేడా దాదాపు యాభై ఏళ్ళు యూరోపియన్ యూనియన్ కింద దాగి ఉండి, బ్రెగ్జిట్ తర్వాత, అంటే బ్రిటన్ ఆ యూనియన్ వదిలాక, ఒక్కసారిగా బయటపడింది.

బ్రిటన్‌లో గుర్తింపు కార్డే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్టిన కార్డుల్ని 1952లో తీసేశారు, 2006లో మళ్ళీ చట్టం చేసి 2010లో దాన్నీ రద్దు చేశారు. పేరు మార్చుకోవాలంటే ఒక ప్రకటన పత్రం రాసి సాక్షి సంతకం పెట్టిస్తే చాలు. అక్కడి జనన పత్రం పుట్టిన రోజున తీసిన ఫొటో లాంటిది, ఆ తర్వాత మనిషికి ఏం జరిగినా అందులో మామూలుగా ఏమీ మారదు.

ఫ్రాన్స్‌లో కథ వేరు. 1792 సెప్టెంబర్ 20న జనన, మరణ, వివాహ రిజిస్టర్లను చర్చి చేతుల్లోంచి తీసి మునిసిపాలిటీకి ఇచ్చారు. 1897లో ఇంకో చట్టం వచ్చింది, పెళ్ళయితే ఆ సంగతిని పుట్టిన రిజిస్టర్లో, ఆ మనిషి పేరున్న పేజీ మార్జిన్‌లో రాయాలని. తర్వాత విడాకులు లాంటివీ అక్కడికే చేరాయి. అంటే ఫ్రెంచి మనిషి జనన నమోదు బతికున్నంత కాలం పెరుగుతూ ఉంటుంది. అందుకే ఆఫీసులో జనన పత్రం అడిగినప్పుడు మూడు నెలల్లోపు తీసిన కాపీ కావాలంటారు. ఈలోగా పెళ్ళి అయిందేమో, విడిపోయారేమో అందులోనే తెలుస్తుంది కాబట్టి వాళ్ళ లెక్కకు అది సబబే. కానీ 1950లో లీడ్స్‌లో పుట్టినాయనకు మూడు నెలల్లోపు జనన పత్రం అంటే ఏమిటి? అవే అక్షరాలున్న అదే కాగితం కొత్త తేదీతో మళ్ళీ డబ్బు కట్టి తెప్పించుకుని, దాన్ని కోర్టు జాబితాలో ఉన్న అనువాదకుడి చేత ఫ్రెంచిలోకి చేయించి పట్టుకెళ్ళాలి. విదేశీ పత్రాలకు గడువులో కొంత వెసులుబాటు ఇస్తారు గానీ తలనొప్పి తలనొప్పే. మన దగ్గర్నుంచి వెళ్ళినవాళ్ళకూ ఈ బాధ ఉంది, మనవాళ్ళ జనన పత్రమూ ఒక్కసారి ఇచ్చేదే కదా, పైగా ఇంటిపేరు ముందా వెనకా అన్న చిక్కొకటి అదనం.

ఇక అడ్రసు రుజువు. జర్మనీలో ఇల్లు మారితే ఊరి ఆఫీసులో నమోదు చేసుకోవాలి, ఆ కాగితమే రుజువు. ఫ్రాన్స్‌లో సొంత పౌరులకు అలాంటి నమోదు లేదు, కాబట్టి ఆ పని కరెంటు బిల్లు చేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. బ్యాంకు ఖాతాకు అడ్రసు రుజువు కావాలి, కరెంటు కనెక్షన్‌కు వెళితే బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు, ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే రెండూ ఉండాలి. అమెరికన్లకు ఇంకా కష్టం. తమ పౌరుల ఖాతాల వివరాలు విదేశీ బ్యాంకులు కూడా చెప్పాలని అమెరికా 2010లో చట్టం చేశాక, అమెరికా పాస్‌పోర్టు చూడగానే వెనకాడే ఫ్రెంచి బ్యాంకులు ఉన్నాయి.

ఈ ఫైళ్ళన్నీ చివరికి చేరేది ప్రిఫెక్చర్‌కు. 1800లో నెపోలియన్ ప్రతి జిల్లాకూ ఒక ప్రిఫెక్ట్‌ను పెట్టాడు, మన కలెక్టర్ లాగే పారిస్ ప్రభుత్వానికి ప్రతినిధి. విదేశీయుల నివాస కార్డులు ఇప్పటికీ అక్కడే తేలాలి. అపాయింట్‌మెంట్లు ఆన్‌లైన్లోకి మారాక స్లాట్లు దొరకక జనం నానా అవస్థ పడుతున్నారు. ఈ విషయంలో మాత్రం నాకు ప్రభుత్వం మీద కోపమే, ఎందుకంటే కార్డు గడువు అయిపోతే ఉద్యోగాలే పోతాయి, ఆ నష్టం ఎక్కువగా మోసేది ఇంగ్లీషువాళ్ళు కూడా కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన కార్మికులు.

అక్కడికెళ్ళి ఇంగ్లీషులో మాట్లాడితే జవాబు ఫ్రెంచిలోనే వస్తుందని ఇంకో ఫిర్యాదు. 1539లో మొదటి ఫ్రాన్స్వా రాజు విల్లేర్-కోత్రే శాసనంతో కోర్టు కాగితాల్లోంచి లాటిన్‌ను తీసేసి ఫ్రెంచిని పెట్టాడు. అప్పటికి దేశంలో ఎక్కువమందికి ఫ్రెంచి రాదు. 1794లో అబ్బే గ్రెగ్వార్ అనే మతగురువు విప్లవ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో కూడా, ఆ భాష అసలు రానివాళ్ళు కనీసం 60 లక్షల మంది, బాగా మాట్లాడగలిగినవాళ్ళు సుమారు 30 లక్షలేనని ఉంది. బ్రెటన్, ఆక్సితాన్, బాస్క్ పిల్లల చేత బళ్ళో సొంత భాష మాన్పించి ఫ్రెంచి నేర్పారు. 1992లో గణతంత్రపు భాష ఫ్రెంచి అని రాజ్యాంగంలోనే చేర్చారు, 1994లో తుబోఁ చట్టం ఉద్యోగ ఒప్పందాలకు, ప్రకటనలకు ఫ్రెంచిని తప్పనిసరి చేసింది. సొంత దేశపు భాషల్నే అంతగా అణచిన రాజ్యం కౌంటర్లో ఇంగ్లీషుకు జాగా ఇస్తుందని ఆశించడం కుదరదు. ఆ అణచివేత అన్యాయమే, బ్రెటన్ లాంటి భాషలకు అది చేసిన నష్టం ఇప్పటికీ పూడలేదు.

ఆదివారం షాపులు మూసి ఉంటాయన్న గొడవ చిన్నదే. 1906 మార్చిలో కూరియేర్ బొగ్గు గనిలో 1,099 మంది చనిపోయారు, ఆ తర్వాత సమ్మెలు అంటుకున్నాయి, అదే ఏడాది జూలై 13న వారానికో సెలవు, అదీ ఆదివారం, చట్టమైంది. ఆగస్టులో ఊళ్ళు ఖాళీ అవడానికి మూలం 1936లో వచ్చిన రెండు వారాల జీతంతో కూడిన సెలవు. ప్లంబర్ దొరకలేదని విసుక్కునేవాళ్ళు ఈ చరిత్ర కొంచెం తెలుసుకుంటే బాగుంటుంది.

అసలు ఇంగ్లీషువాళ్ళు అక్కడికి ఎప్పుడు చేరారు? దక్షిణానికి మొదట వెళ్ళింది చలికి తట్టుకోలేని ధనికులు, జబ్బు మనుషులు. నీస్ ఇంకా సార్డీనియా రాజ్యంలో ఉన్న 1820ల్లో, సముద్రం ఒడ్డున అక్కడి ఇంగ్లీషువాళ్ళు చందాలు వేసుకుని పేదలకు కూలిచ్చి వేయించిన బాటే ఇప్పటి ప్రొమెనాద్ దెజాంగ్లే, అంటే ఇంగ్లీషువాళ్ళ బాట. 1834లో కలరా క్వారంటైన్ వల్ల ఇటలీ వైపు దారి మూసుకుపోతే లార్డ్ బ్రూమ్ అనే బ్రిటిష్ రాజకీయ నాయకుడు కాన్ (మనం కేన్స్ అనేది) అనే జాలరి పల్లెలో ఆగి, నచ్చి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పిరెనీస్ కొండల దగ్గర పో ఊళ్ళో 1856లోనే గోల్ఫ్ క్లబ్ పెట్టారు. వీళ్ళు డబ్బున్నవాళ్ళు, కాగితాల పని నౌకర్లో లాయర్లో చూసుకునేవారు.

మధ్యతరగతి వెళ్ళడం 1973లో బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరాక మెల్లగా మొదలై, చవక విమానాలు వచ్చాక ఊపందుకుంది. దోర్దోన్ లోయలో పాత రాతి ఇళ్ళు తక్కువకు వచ్చేవి. ఎమె అనే చిన్న ఊళ్ళో క్రికెట్ క్లబ్ కూడా ఉంది. 2003 నవంబర్లో ఫ్రాన్స్ యూరోపియన్ యూనియన్ పౌరులకు నివాస కార్డు అక్కర్లేదని చట్టం చేసింది, దాంతో చాలామంది బ్రిటిషర్లు ప్రిఫెక్చర్ గుమ్మం చూడకుండానే ఏళ్ళకేళ్ళు గడిపేశారు. ఊరి ఎన్నికల్లో ఓటేశారు, వందల మంది కౌన్సిలర్లు కూడా అయ్యారు.

యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న 2016 జూన్ 23 రెఫరెండంలో, పదిహేనేళ్ళు దాటి బయట ఉన్న బ్రిటిషర్లకు ఓటే లేదు. ఎవరి బతుకు తలకిందులవుతుందో వాళ్ళనే అడగలేదు, ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చింది. సుమారు లక్షన్నర మంది ఒక్కసారిగా విదేశీయులయ్యారు. అందరూ ఆన్‌లైన్లో కొత్త నివాస కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి, మొదట 2021 జూన్ 30 అన్న గడువు సెప్టెంబర్ 30కి జరిగింది. ఇరవై ఏళ్ళుగా అక్కడున్నానని రుజువు చేయాలంటే పాత కరెంటు బిల్లులే దిక్కు, అవి దాచుకోనివాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో ఊహించుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు మార్పిడి ఒప్పందం 2021 జూన్‌లో గానీ కుదరలేదు, ఈలోగా గడువు ముగిసినవాళ్ళు పల్లెల్లో కారు లేకుండా చిక్కుకుపోయారు. ఫ్రాన్స్‌లో నివాసం లేకుండా సెలవుల ఇల్లు మాత్రమే ఉన్నవాళ్ళు, వీసా తీసుకోకపోతే, 180 రోజుల్లో 90 రోజులు మించి ఉండకూడదు.

వారసత్వం గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. ఇంగ్లండ్‌లో వీలునామా ఎవరి పేరనైనా రాయొచ్చు. ఫ్రాన్స్‌లో 1804 నాటి సివిల్ కోడ్ పిల్లలకు వాటా గట్టి చేసింది, ఒక బిడ్డ ఉంటే ఆస్తిలో సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురూ ఆపైన ఉంటే ముప్పావు. పెద్దకొడుక్కే అంతా పోయే పాత పద్ధతిని విరగ్గొట్టడానికి విప్లవకాలంలో మొదలైన సమానత్వం ఇది. కానీ రెండో పెళ్ళి చేసుకుని, భార్య వెంట వచ్చిన పిల్లల్ని తన పిల్లల్లా పెంచినాయనకు ఇది శాపం, ఎందుకంటే దత్తత తీసుకోని సవతి పిల్లలు చట్టం దృష్టిలో పరాయివాళ్ళు, వాళ్ళకు ఇస్తే 60 శాతం పన్ను. 2015 ఆగస్టు 17 నుంచి యూరోపియన్ నిబంధన వల్ల సొంత దేశపు వారసత్వ చట్టాన్ని ఎంచుకునే వీలొచ్చింది, పన్ను మాత్రం మారలేదు. 2021 నవంబర్ 1 నుంచి ఫ్రాన్స్ ఇంకో చట్టం తెచ్చి, వాటా దక్కని పిల్లలు ఫ్రాన్స్‌లోని ఆస్తి నుంచి పరిహారం అడగొచ్చంది. ఎవరి ధైర్యం మీద వీలునామా రాయాలో తెలియక ముసలి దంపతులు నోటరీల చుట్టూ తిరుగుతున్నారు.

2020 మార్చి నుంచి మునిసిపల్ ఎన్నికల్లో బ్రిటిషర్లకు ఓటు లేదు, ఆ వందల మంది కౌన్సిలర్లు పదవి వదిలేశారు. ఓటు తిరిగి కావాలంటే ఫ్రెంచి పౌరసత్వం తీసుకోవాలి. అరవై దాటినవాళ్ళకు భాషా పరీక్ష నుంచి ఉన్న మినహాయింపును 2020లోనే ఎత్తేశారు, 2026 జనవరి నుంచి పౌరసత్వానికి కావలసిన భాషా స్థాయి, యూరప్‌లో వాడే కొలమానంలో, బి1 నుంచి దానిపై మెట్టయిన బి2కి పెరిగింది. పదేళ్ళు ఊరి కౌన్సిల్లో కూర్చుని, రోడ్ల గుంతల గురించి ఫ్రెంచిలోనే వాదించిన రిటైర్డ్ మనిషి ఇప్పుడు యూనివర్సిటీలో చేరే విద్యార్థి స్థాయి పరీక్ష రాయాలి. ఇలాంటివాళ్ళకైనా ఆ పాత మినహాయింపు తిరిగి ఇవ్వాలి.