రెబెల్ గెలిస్తే పార్టీ తీరు మారుతుందా? అపోహలు – వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. ఎన్నికలు దగ్గరపడ్డాయంటే పిల్లలు పార్టీ రెబెల్స్ గురించే అడుగుతారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రెబెల్ గెలిస్తే పార్టీ దారికొస్తుంది.

వాస్తవం: 1939 జనవరిలో సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ పెద్దలకు ఎదురు నిలిచి, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య మీద 200 పైచిలుకు ఓట్ల తేడాతో అధ్యక్షుడిగా గెలిచారు. పట్టాభి ఓటమి తన ఓటమేనన్నారు గాంధీజీ. ఫిబ్రవరిలో వర్కింగ్ కమిటీలో ఎక్కువమంది రాజీనామా చేసేశారు. మార్చిలో త్రిపురి మహాసభకు బోస్ జ్వరంతో స్ట్రెచర్ మీద వచ్చారు. అక్కడ గోవింద్ వల్లభ్ పంత్ పెట్టిన తీర్మానం నెగ్గింది: గాంధీజీ ఇష్టప్రకారమే అధ్యక్షుడు వర్కింగ్ కమిటీని వేసుకోవాలి. క్లాసులో ఈ ఒక్క మాట బోర్డు మీద రాసి, "ఇక అధ్యక్షుడి చేతిలో ఏం మిగిలింది?" అని అడుగుతాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఏప్రిల్ నెలాఖరుకు బోస్ రాజీనామా చేశారు. ఓడిన పట్టాభి 1948లో అదే కుర్చీలో కూర్చున్నారు.

అపోహ: ఓడిపోతే అంతా వృథా.

వాస్తవం: 1968లో అమెరికాలో డెమోక్రాట్ యూజీన్ మెకార్తీ, వియత్నాం యుద్ధం ఆపాలంటూ సొంత పార్టీ అధ్యక్షుడు జాన్సన్ మీదే పోటీకి దిగారు. మార్చిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి రాష్ట్రంలో ఓటర్లు వేసే ఓటు) 42 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. నెలాఖరుకల్లా జాన్సన్ తప్పుకున్నారు. అయినా టికెట్ మెకార్తీకి రాలేదు. ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని ఉపాధ్యక్షుడు హంఫ్రీకి వెళ్లింది. ఆ తర్వాత టికెట్ నియమాలు తిరగరాయడానికి పార్టీ మెక్‌గవర్న్-ఫ్రేజర్ కమిషన్ వేసింది. 1972 నుంచి, మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల ఎంపిక చాలావరకు నాయకుల గదుల్లోంచి ఓటర్ల చేతికొచ్చింది.

అపోహ: మారిన నియమం ఇక మారదు.

వాస్తవం: 1984 నుంచి అదే డెమోక్రాటిక్ పార్టీ పెద్దలు సూపర్ డెలిగేట్లుగా, అంటే ప్రైమరీల ఫలితంతో పనిలేకుండా తమకు నచ్చినవాళ్లకు ఓటేయగల ప్రతినిధులుగా, మళ్లీ లోపలికి వచ్చారు. 2016లో టికెట్ కోసం బెర్నీ శాండర్స్ గట్టి పోటీ ఇచ్చాక, మహాసభ తొలి రౌండ్ ఓటింగ్‌లో వాళ్ల ఓటుకు 2018లో కళ్లెం పడింది.

మన దగ్గర బీ-ఫారం ఎవరికివ్వాలో సభ్యుల ఓటుతో తేలదు, అధిష్ఠానం తేలుస్తుంది. రెబెల్ ఇండిపెండెంట్‌గా గెలిచి మళ్లీ పాత కండువా కప్పుకుంటే ఆ పద్ధతి చెక్కుచెదరదు. నన్ను బాధపెట్టేది ఇదే. మీ ఊళ్లో రెబెల్ ఓటు అడగడానికి వస్తే, "టికెట్ ఎలా ఇవ్వాలో పార్టీ నియమావళిలో ఏం మార్పిస్తారు?" అని అడగండి.