కాన్పు గదిలో తోడు: అపోహలు - వాస్తవాలు

ప్రసూతి వార్డులో వాలంటీర్‌గా, నొప్పులు పడుతున్నవాళ్లకి తోడుగా ఉంటానని చెబితే నాకు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "అమ్మో, నేనైతే చూడలేను" అనేది ఒకటి. "పక్కన కూర్చోవడమేగా" అనేది ఇంకొకటి. ఈ రెండోది కొత్తగా చేరే వాలంటీర్ల మనసులోనూ ఉంటుంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

అపోహ: పక్కన కూర్చుంటే ఒరిగేదేమీ లేదు

ఒరుగుతుంది, దానికి లెక్కలూ ఉన్నాయి. 17 దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కోక్రేన్ సంస్థ 2017లో ఒక సమీక్ష వెలువరించింది. కాన్పు అయ్యేదాకా ఒకరు వదలకుండా తోడున్నవాళ్లలో మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం సగటున 40 నిమిషాల దాకా తగ్గింది. కాన్పు చేదు అనుభవంగా మిగిలిందన్నవాళ్లు కూడా తక్కువే. ప్రతి స్త్రీకీ తనకు నచ్చిన మనిషి తోడు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది.

ఇక్కడ అసలు సంగతి "వదలకుండా" అన్నదే. నర్సుకి నాలుగు మంచాలు చూసుకోవాల్సి ఉంటుంది, డాక్టరు వచ్చి చూసి వెళతారు. ఎక్కడికీ వెళ్లకుండా ఉండేది మనమే. భయం పెరిగితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, దాంతో నొప్పులు మందగించవచ్చు. గదిలో ఒంటరిగా లేనన్న ధీమా ఒంటి మీద కూడా పనిచేస్తుందన్నమాట.

అపోహ: "ఏడవకు, ధైర్యంగా ఉండు" అని చెప్పడమే మన పని

నేను వద్దనేది సరిగ్గా ఈ మాటే. ఏడుపు వస్తే ఏడవనివ్వండి, అరవాలనిపిస్తే అరవనివ్వండి. అరవొద్దంటే నొప్పి తగ్గకపోగా, అరిచానే అన్న సిగ్గు కూడా తోడవుతుంది.

నొప్పి వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలమని చెప్పడం కంటే ఆమె ఎదురుగా ఉండి మనం అలా వదలడం మేలు. ఆమె చూసి అందుకుంటుంది. గబగబా ఊపిరి తీస్తుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి. నొప్పి నడుములో ఎక్కువగా ఉంటే తుంటికి పైన, వెన్ను చివర అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. పైపైన రాస్తే చాలామందికి చిరాకే. చెయ్యి వేసే ముందు ప్రతిసారీ అడగాలి. గంట క్రితం హాయిగా అనిపించిన చెయ్యే ఇప్పుడు భరించలేనిది కావచ్చు. "తియ్యండి" అంటే తీసెయ్యడమే, నొచ్చుకోవడానికి ఏమీ లేదు.

డాక్టరు వద్దనకపోతే నడిపించడం, ముందుకు వాలి కూర్చోబెట్టడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం చేయవచ్చు. ఇంకో చిన్న పని చాలామందికి గుర్తుండదు: రెండు గంటలకోసారైనా మూత్రానికి వెళ్లమని గుర్తుచేయడం. మూత్రాశయం నిండి ఉంటే బిడ్డ కిందికి దిగడం కష్టమవుతుంది.

నొప్పికీ నొప్పికీ మధ్య మాత్రం మాట్లాడకండి. ఆ కాసేపట్లో కొందరికి కునుకు కూడా పడుతుంది. "నా వల్ల కాదు, ఇంటికి వెళ్లిపోతా" అనే మాట తరచుగా కాన్పు దగ్గర పడ్డప్పుడే వస్తుంది. అప్పుడు ఉపన్యాసం వద్దు. "ఈ ఒక్క నొప్పి దాటుదాం" అంటే చాలు.

అపోహ: ఆమె తరఫున డాక్టర్లతో వాదించాలి

వాదిస్తే వార్డులో మనకి చోటుండదు, ఆమెకి తోడూ ఉండదు. "మీరు డాక్టర్‌గారిని ఏదో అడగాలన్నారు కదా" అని గుర్తుచేయవచ్చు. చెప్పింది అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమని సిస్టర్‌ని అడగవచ్చు. నిర్ణయం ఆమెది, వైద్యం వాళ్లది. బిడ్డ గుండె చప్పుడు చూపించే మెషీన్ వైపు చూసి మనం మొహం మార్చుకోకూడదు, అర్థాలు చెప్పకూడదు. గర్భాశయ ముఖం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో చూడటం, మందులివ్వడం అసలే కాదు.

పిలవాల్సినప్పుడు మాత్రం మొహమాటం వద్దు. ఉమ్మనీరు ఆకుపచ్చగా పోతున్నా, రక్తం ఎక్కువగా పోతున్నా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారుతున్నా, ముక్కాలనిపిస్తోందని ఆమె అన్నా వెంటనే సిస్టర్‌ని పిలవాలి. కాన్పయ్యాక మొదటి రెండు గంటలూ అంతే. అందరి కళ్లూ బిడ్డ మీదుంటే, తల్లి మొహం పాలిపోవడం తోడున్న మనిషికే ముందు కనబడవచ్చు.

అపోహ: భర్త ఉంటే మనం అక్కర్లేదు, ఎపిడ్యూరల్ (నొప్పి తగ్గడానికి నడుములో ఇచ్చే మందు) ఇస్తే అసలే అక్కర్లేదు

భర్తకి, అమ్మకి కూడా టెన్షనే. నడుము ఎక్కడ నొక్కాలో చూపించి మనం పక్కకి తప్పుకుంటే ఆ పని వాళ్లే చేస్తారు. నా లెక్కలో మంచి వాలంటీర్ అంటే అలా తప్పుకోవడం తెలిసినవాళ్లు. ఎపిడ్యూరల్‌తో నొప్పి తగ్గుతుంది గానీ భయం అలాగే ఉండవచ్చు. కాళ్లు మొద్దుబారితే సిస్టర్ పక్కకి తిప్పేటప్పుడు మనం ఒక చెయ్యి వేయాలి. సిజేరియన్ అయితే, ఆసుపత్రి లోపలికి రానిస్తే తల దగ్గర ఉంటాం, లేదంటే బయట ఇంటివాళ్ల దగ్గర. సిజేరియన్ అంటే ఓటమి అన్న మాట మన నోట రాకూడదు.

పిల్లల్ని కన్నవాళ్లే ఈ పనికి పనికొస్తారన్నది కూడా నిజం కాదు. కన్నవాళ్లకి "నా కాన్పప్పుడు" అని మొదలుపెట్టకుండా ఉండటమే పెద్ద పరీక్ష.

చివరిగా, చేరాలనుకునేవాళ్లు అడగని విషయం ఒకటి. వార్డులో చూసింది, విన్నది బయట చెప్పకూడదు, పేరు మార్చి అయినా సరే. బిడ్డ ఫొటో తియ్యమని తల్లే అడిగితే ఆమె ఫోన్‌లోనే తియ్యాలి. షిఫ్ట్ అయిపోతే చెప్పకుండా జారుకోకూడదు. తర్వాత వచ్చే వాలంటీర్‌ని ఆమె దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేసి, ఆమెకి ఏది నచ్చుతోందో ఏది నచ్చట్లేదో చెప్పాకే బయల్దేరాలి.