‘ఎదురు చెప్పాడు’: అమెరికా బడుల్లో శిక్షల గురించి అపోహలు – వాస్తవాలు

నేను అమెరికాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో సైకాలజిస్టును. తప్పు చేసిన పిల్లవాడిని బడికి దూరం పెట్టాలా వద్దా అని తేల్చే సమావేశాల్లో కూర్చోవడం నా ఉద్యోగంలో భాగం. తెలుగు కుటుంబాల మధ్య ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవే నాలుగైదు మాటలు వినిపిస్తాయి. వాటికే ఈ జవాబు.

అపోహ: అమెరికా బడుల్లో పిల్లల మీద చెయ్యి వెయ్యరు.

న్యూజెర్సీ 1867లోనే బడిలో కొట్టడాన్ని నిషేధించింది. దేశమంతటికీ వర్తించే నిషేధం మాత్రం ఇప్పటికీ లేదు. క్రూరమైన శిక్షలను అడ్డుకునే ఎనిమిదో రాజ్యాంగ సవరణ బడిపిల్లలకు వర్తించదని 1977లో ఇంగ్రహామ్ వర్సెస్ రైట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఖైదీకి ఉన్న ఆ రక్షణ విద్యార్థికి దక్కలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని బడుల్లో చెక్కబద్ద ఇంకా పనిలోనే ఉంది.

అపోహ: దండం దశగుణం. కఠినంగా ఉంటేనే బడి భద్రంగా ఉంటుంది.

1994లో వచ్చిన గన్‌ ఫ్రీ స్కూల్స్ చట్టం, తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాది బహిష్కరించాలంది. పరిస్థితిని బట్టి ఆ శిక్షను మార్చే వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఆ వెసులుబాటును పక్కనపెట్టి, మినహాయింపు లేని శిక్ష అనే పద్ధతిని మాత్రం చాలా బడులు చిన్నాచితకా తప్పులకూ పాకించాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం ఈ విధానాన్ని పరిశీలించి 2008లో నివేదిక ప్రచురించింది. దీనివల్ల బడులు మరింత భద్రంగా మారాయనడానికి వారికి ఆధారం దొరకలేదు.

అపోహ: నల్లజాతి పిల్లలకు ఎక్కువ శిక్షలు పడుతున్నాయంటే వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నట్టే.

ఈ మాట చదువుకున్నవాళ్ల నోటనే ఎక్కువగా వింటాను, అదీ చాలా ధీమాగా.

2017-18 విద్యా సంవత్సరపు సమాఖ్య ప్రభుత్వ లెక్కల ప్రకారం ప్రభుత్వ బడుల్లో నల్లజాతి పిల్లలు సుమారు 15 శాతం. సస్పెండై ఇంటికి వెళ్లినవారిలో 38 శాతం. ఇంకా బడికి రాని ఈడులో, ప్రీస్కూల్లో, 18 శాతం ఉన్న వీళ్లకు 43 శాతం సస్పెన్షన్లు. నాలుగేళ్ల పసివాడు చేసే నేరమేమిటో నాకైతే ఊహకు అందదు.

టెక్సస్‌లో దాదాపు 10 లక్షల మంది విద్యార్థుల రికార్డులను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనం 2011లో వెలువడింది. అక్కడ పడిన శిక్షల్లో చట్టం తప్పనిసరి చేసినవి సుమారు 3 శాతమే. మిగిలినవన్నీ బడి పెద్దలు తమ విచక్షణతో వేసినవి. కుటుంబ స్థితి, మార్కులు వంటి 80కి పైగా అంశాలను సరిచూసి పోల్చినా, అటువంటి శిక్ష పడే అవకాశం నల్లజాతి విద్యార్థికి 31 శాతం ఎక్కువగా తేలింది.

ఆ విచక్షణ ఎలా పనిచేస్తుందో నా బల్ల మీదికి వచ్చే కాగితాలు చెబుతాయి. ‘సిగరెట్ తాగాడు’, ‘గోడ పాడుచేశాడు’ అనేవి ఎవరు చూసినా ఒకటే. ‘ఎదురు చెప్పాడు’, ‘గొంతు పెంచింది’, ‘మర్యాద లేదు’ అనేవి రాసినవారి మనసులో తేలిన తీర్పులు. నల్లజాతి పిల్లలను ఆఫీసుకు పంపడానికి ఈ రెండో రకం కారణాలే ఎక్కువని విద్యా పరిశోధకుడు రస్సెల్ స్కీబా బృందం 2002లోనే చూపింది. కాలిఫోర్నియా ‘ధిక్కారం’ పేరిట సస్పెండ్ చేయడాన్ని మొదట చిన్న తరగతుల్లో ఆపి, 2023లో చేసిన చట్టంతో ఆ నిషేధాన్ని 12వ తరగతి వరకూ విస్తరించింది.

అపోహ: వైకల్యం ఉన్న పిల్లలు ఏం చేసినా బడి ఏమీ అనకూడదు.

నిజం దాదాపు దీనికి తలకిందులు. పైన చెప్పిన 2017-18 లెక్కల్లోనే, వైకల్యం వల్ల స్పెషల్ ఎడ్యుకేషన్ పొందే పిల్లలు 13 శాతం, సస్పెండైనవారిలో దాదాపు 25 శాతం. బడిలో సిబ్బంది బలవంతంగా పట్టి ఆపినవారిలో 80 శాతం వాళ్లే.

ఈ పిల్లల విషయంలో సమాఖ్య చట్టం చెప్పేది ఇది. వరుసగా 10 బడిరోజులకు మించి దూరం పెట్టాలనుకుంటే, ఆ నిర్ణయం తీసుకున్న 10 బడిరోజుల్లోగా సమావేశం జరగాలి. అందులో రెండు ప్రశ్నలు. ఆ ప్రవర్తనకు వైకల్యంతో నేరుగా సంబంధం ఉందా? బడి తానే రాసిచ్చిన ఐఈపీని, అంటే ఆ పిల్లవాడి కోసం తయారుచేసిన ప్రత్యేక విద్యా ప్రణాళికను, అమలు చేయకపోవడం వల్ల ఇది జరిగిందా? రెంటిలో ఏ ఒక్కదానికి ‘అవును’ అని తేలినా సాధారణంగా పిల్లవాడు తన తరగతికి తిరిగి రావాలి. ఆయుధం, మాదకద్రవ్యాలు, తీవ్ర గాయం ఉంటే మాత్రం 45 బడిరోజుల వరకు వేరేచోట ఉంచవచ్చు. బహిష్కరించినా చదువు ఆపకూడదు.

రెండో ప్రశ్న దగ్గరే గదిలో కుర్చీలు కిర్రుమంటాయి. ఒకసారి కాగితంలో ‘దాడి’ అని ఉంది. ఆటిజం ఉన్న అబ్బాయి, కెఫెటేరియా హోరులో చెవులు మూసుకుని నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో తాకితే తోసేశాడు. రద్దీ కాకముందే అతణ్ని భోజనానికి పంపాలని ఐఈపీలో స్పష్టంగా ఉంది. ఆ రోజు మరొకరికి బదులుగా వచ్చిన టీచరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. ‘ఈరోజుకు ఇంటికి తీసుకెళ్లండి’ అంటూ వచ్చే ఫోన్లు చాలాసార్లు ఏ లెక్కలోకీ ఎక్కవు. కారణం కాగితం మీద రాసివ్వమని అడగండి.

అపోహ: ఇవన్నీ మన పిల్లలకు సంబంధించినవి కావు.

మార్కులు బాగుంటే చాలనుకుని, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అని డాక్టరు చెప్పినా ‘రికార్డులో పడుతుంది’ అని బడికి చెప్పని తల్లిదండ్రులను చాలామందినే చూశాను. గొడవ జరిగాక ఆ డాక్టరు కాగితం తెస్తారు. అప్పటికి ఆలస్యం. ఐఈపీ ఇంకా లేకపోయినా, సమస్య గురించి బడికి ముందే తెలిసి ఉంటే పైన చెప్పిన రక్షణ వర్తిస్తుంది. స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమేమోనన్న ఆందోళనను తల్లిదండ్రులు టీచరుకు రాతలో తెలిపినా, పరీక్షించమని కోరినా ‘తెలిసినట్టే’ లెక్క. పరీక్షిస్తామంటే మీరే వద్దన్నారా, ఆ దారి మూసుకుపోతుంది.

నాలుగు వాక్యాల ఈమెయిల్ చాలు. సమావేశానికి ముందు ఫైలు తెరిచి నేను మొదట వెతికేది దాని మీది తేదీనే.