మొదటి చెయ్యి దిగితే

పోయిన ఎండాకాలం హన్మకొండల మా కాలనీ మీటింగ్ అయింది, పార్కింగ్ కోసం మూలకున్న వేపచెట్టు కొట్టేద్దామా అంటే అందరు చేతులెత్తిన్రు, నేను గూడ ఎత్తిన, లోపల మాత్రం అయ్యో నీడ పోతది గదా అనుకుంటనే ఎత్తిన. గప్పుడు పక్కింటి పెద్దమ్మ "నాకైతే ఇష్టం లేదు బిడ్డా" అన్నది. గంతే, ఒక్కో చెయ్యి మెల్లగ దిగింది, నాది గూడ. తర్వాత తెలిసింది ఏందంటే ఆమె బాధ నీడ గురించి గాదు, బట్టలారేసే తాడు ఆ చెట్టుకే కట్టుకుంటదట.

ఆ తాడు ముచ్చట నవ్వులాటకు చెప్తలేను. 1950లల్ల అమెరికాల సాలమన్ యాష్ అనే సైకాలజిస్టు గీతల పొడుగు పోల్చమని ఒక ప్రయోగం చేసిండు. గదిల ఒక్కడు తప్ప మిగతావాళ్లంత యాష్ మనుషులే, కావాలనే తప్పు చెప్తరు. నలుగురిల ముగ్గురు ఒక్కసారన్న ఆ తప్పుకే తలూపిన్రు అని అందరు చెప్తరు గానీ, గుంపు తప్పు చెప్పినప్పటి జవాబులన్ని లెక్కేస్తే దాదాపు మూడింట రెండొంతులు కరెక్టే అన్నది ఎవ్వరు చెప్పరు. ఇంకొక్కడు నిజం చెప్పేటోడు గదిల ఉంటే ఆ తలూపుడు పావు వంతుకు పడిపోయింది. ఇంకో వింత, ఆ తోటోడు నిజం గాకుండ గుంపు కంటె పెద్ద తప్పు చెప్పినా సరే, వీళ్లకు ధైర్యం వచ్చింది! అంటే మనకు కావల్సింది మన మాటే చెప్పేటోడు గాదు, అందరు ఒక్కటే అనే కట్టు తెంపేటోడు.

1961ల యేల్ యూనివర్సిటీల స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్టు మొదలువెట్టిన కరెంట్ షాక్ ప్రయోగం గూడ గిట్లనే. అవతలి మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్ల షాక్ పెంచుకుంట ఇయ్యమని ప్రయోగం చేసేటాయన చెప్తడు. షాక్ ఉత్తదే, కానీ ఇచ్చేటోళ్లకు అది తెల్వదు. 40 మందిల 26 మంది 450 వోల్టుల దాక పోయిన్రు. ఇంకోసారి పక్కన కూసున్న ఇద్దరు "మేం చెయ్యం" అని లేచిపోతే, 40ల 4గురే చివరిదాక పోయిన్రు.

ఇట్ల గుంపుకు ఎదురు చెప్పుడు వేరే, వద్దంటే కావాలని మొండికేసుడు వేరే, దాన్ని జాక్ బ్రెహ్మ్ అనే సైకాలజిస్టు 1966ల రియాక్టెన్స్ అన్నడు, పిల్లలున్న ఇంట్ల దానికి ప్రయోగం అక్కర్లేదు.

నాకు మాత్రం ఒక్కటి గుచ్చుకుంటది. రెండు ప్రయోగాలల్ల గూడ ఆ ఎదురు చెప్పిన మనిషి ముందే మాట్లాడిపెట్టుకున్నోడు. బయట గట్ల ఎవ్వరు పంపరు గదా. పాలకుర్తిల చాకలి ఐలమ్మ పంట మీదికి విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు వచ్చినప్పుడు ఆమె ఎన్కకు పోలే, కానీ ఆమె అప్పటికే సంఘంల, అంటే ఆంధ్ర మహాసభల, ఉన్నది, ఆ పంటను ఇంటికి చేర్చింది సంఘపోళ్లే.