హార్మోనిక్స్ తప్పు ఎవరిది? యాక్టివ్ ఫిల్టర్ వెనుక కథ

రైస్‌మిల్లులో మోటార్లకు వేగాన్ని మార్చే కొత్త ఎలక్ట్రానిక్ డ్రైవ్‌లు బిగించాక కెపాసిటర్లు ఒక్కొక్కటిగా ఉబ్బిపోతుంటే ఎవరైనా ముందు సరుకు మంచిది కాదనుకుంటారు. చాలాసార్లు తప్పు సరుకుది కాదు, కరెంటు ఆకారానిది. మనకు కావాల్సింది సెకనుకు 50 సార్లు నున్నగా లేచి పడే అల. డ్రైవ్ ఆ కరెంటును ముక్కలుగా లాగుతుంది. దాంతో 50కి గుణిజాలైన 250, 350 హెర్ట్జ్ అలలు వచ్చి చేరతాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కెపాసిటర్‌ అడ్డు తగ్గుతుంది కాబట్టి అవి నేరుగా దానిలోకి దూరతాయి.

గొడవ పాతదే. 1893లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక మోటారు ఎందుకు వేడెక్కుతోందో వెతికితే హార్మోనిక్స్ బయటపడ్డాయి. అప్పట్లో తప్పు జనరేటర్లది. వైండింగ్ మార్చి అలను చాలావరకు చక్కదిద్దుకున్నారు. తర్వాత ఏసీని డీసీగా మార్చే పాదరసపు రెక్టిఫయర్ల వల్ల టెలిఫోన్ లైన్లలో రొద మొదలైంది. 1957లో థైరిస్టర్ అనే సిలికాన్ స్విచ్ వచ్చాక తప్పు పూర్తిగా వాడకందారు వైపు జరిగింది. ఇప్పుడైతే కరెంటు ఆదా చేస్తాయని కొనుక్కున్న ఎల్‌ఈడీలు, డ్రైవ్‌లే దాన్ని వంకర చేస్తున్నాయి!

పాత మందు కాయిల్, కెపాసిటర్ కలిపిన ఫిల్టర్. చవకైనదే కానీ మొండిది. ఒక్క ఫ్రీక్వెన్సీకే ట్యూన్ అయి ఉంటుంది, లోడ్ మారినా తాను మారదు. పక్క ఫ్యాక్టరీ హార్మోనిక్స్‌ను కూడా తనలోకి లాక్కుంటుంది.

వంకరను కొలిచి, సరిగ్గా దానికి ఎదురు కరెంటును లైన్‌లోకి పంపి కొట్టేయాలన్న ఆలోచనను, అంటే యాక్టివ్ ఫిల్టర్‌ను, 1971లో జపాన్‌కు చెందిన ససాకి, మచిదా రాశారు. వాళ్లు వాడిన యాంప్లిఫయర్‌లో నష్టం ఎక్కువ, అది గ్రిడ్‌కు పనికిరాదు. 1976లో గ్యూగి, స్ట్రైకులా డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్‌తో ఎలా చేయాలో చూపించారు. అంత పెద్ద కరెంటును అంత వేగంగా ఆపి వదిలే స్విచ్‌లు అప్పటికి లేవు. కావాలన్నప్పుడు ఆపగలిగే జీటీఓ రకం థైరిస్టర్లతో 800 కేవీఏ సామర్థ్యమున్న ఫిల్టర్ నిజంగా పనిలోకి దిగింది 1982లో.

నా దృష్టిలో అసలు మలుపు స్విచ్ కాదు, లెక్క. 1983లో అకాగి, కనజవా, నబయె మూడు ఫేజుల వోల్టేజీ, కరెంట్లను రెండు అక్షాల మీదికి మార్చి, ఏ క్షణానికి ఆ క్షణం పవర్ లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. లోడుకు నిజంగా పనికొచ్చే పవర్ అందులో నిలకడగా కనిపిస్తుంది, హార్మోనిక్స్ ఊగుతూ కనిపిస్తాయి. ఊగేదాన్ని విడదీస్తే చాలు, ఫిల్టర్ ఏం పంపాలో తేలిపోతుంది. ఒక పూర్తి అల గడిచేదాకా ఆగక్కర్లేదు. ఐజీబీటీలనే వేగమైన స్విచ్‌లు, చవక ప్రాసెసర్లు వచ్చాక ఇదంతా ఒక బీరువాలో ఇమిడిపోయింది.

బిల్లు ఎవరిదన్నది వేరే పంచాయితీ. 1992 నాటి ఐఈఈఈ (అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం) 519 ప్రమాణం కరెంటు ఆకారాన్ని వినియోగదారుకు, వోల్టేజీ ఆకారాన్ని సరఫరా సంస్థకు అప్పజెప్పింది. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007 నిబంధనల్లో గ్రిడ్‌కు కలిసే చోట వోల్టేజీ వంకర 5 శాతం, గ్రిడ్ నుంచి లాగే కరెంటు వంకర 8 శాతం దాటకూడదంది. అవి పెద్ద వినియోగదారులకు, డిస్కంలకు. వీధిలో వందల ఇళ్ల ఎల్‌ఈడీలు, టీవీలు పుట్టించే మూడో హార్మోనిక్ మాత్రం మూడు ఫేజుల్లోనూ రద్దు కాకుండా న్యూట్రల్ వైర్‌లో కూడుకుంటూనే ఉంటుంది.