ఆల్చిప్పలో నల్లులు: అపోహలు – వాస్తవాలు

మంచినీటి ఆల్చిప్పను మూసి పట్టే కండరాలు రెండూ కోసి, చిప్ప తెరిచి, లోపలి పల్చటి పొరను పక్కకు తీస్తే మొప్పల మడతల మీద గసగసాలంత చుక్కలు నడుస్తూ కనిపిస్తాయి. ఇవి యూనియోనికోలా అనే ప్రజాతికి చెందిన నీటి నల్లులు. మన చెరువుల్లో దొరికే లామెల్లిడెన్స్ ఆల్చిప్పల్లోనూ ఈ ప్రజాతి ఉంది. చాలాకాలంగా వీటిని వేరు చేసి స్లైడ్లు కట్టడమే నా పని. కొత్తగా వచ్చే విద్యార్థుల నోట వినే మాటలే ఇవి.

అపోహ: నల్లి అంటే మంచంలో ఉండే నల్లి లాంటి పురుగే.

పేరు ఒకటే గానీ జాతి వేరు. మంచం నల్లి ఆరు కాళ్ల కీటకం. ఆల్చిప్ప నల్లి సాలీడు, తేలు, గోమారుల వంశం. వంగతోటలో ఎర్రనల్లి, కొబ్బరికాయ మీద ఇరియోఫిడ్ నల్లి దీనికి దూరపు చుట్టాలు. తల, రొమ్ము, పొట్ట అని విడివిడిగా ఉండవు. శరీరమంతా ఒకే సంచి, దాని ముందు చిన్న నోటి భాగం, నోటికి రెండు పక్కలా తడుముకునే చేతుల్లాంటి పాల్ప్‌లు, కింద ఎనిమిది కాళ్లు. అయితే గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి. కాళ్లు లెక్కపెట్టి "ఇది నల్లి కాదు" అని పారేసిన విద్యార్థులను చూశాను.

అపోహ: మొప్పల్లో కదిలేవన్నీ నల్లి పిల్లలే.

మొప్ప ఉబ్బి, లోపల ఇసుక పోసినట్టు గింజలుంటే అవి చాలాసార్లు ఆల్చిప్ప సొంత పిల్లలు. వాటిని గ్లోకిడియా అంటారు. సూక్ష్మదర్శిని కింద రెండు బుల్లి చిప్పలు టపటపా మూసుకుంటూ కనిపిస్తాయి. కాళ్లుండవు. గుండె చుట్టూ ఉండే గదిలో మెత్తగా, కింద గళ్లగళ్ల అతుకుడు పలకతో ఏదైనా దొరికితే అది ఆస్పిడోగాస్టర్ అనే చదును పురుగు కావచ్చు.

అపోహ: రంగు చూసి జాతి చెప్పేయొచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ మాటే. రంగు తిన్న తిండిని బట్టి మారుతుంది, సీసాలో వేశాక వెలిసిపోతుంది. వీపు మీద కొన్నిటికి తెల్లటి వై ఆకారం కనిపిస్తుంది. యూరప్ ఆల్చిప్పల్లో ఉండే యూనియోనికోలా ఇప్సిలోఫోరాకు ఆ పేరు పెట్టింది అందుకే (ఇప్సిలాన్ అంటే గ్రీకులో వై ఆకారపు అక్షరం). ఆ గుర్తు చర్మం మీది రంగు కాదు, లోపలున్న విసర్జన అవయవం పైకి కనిపించడం. దాన్ని బట్టి జాతి తేల్చలేం.

చూడాల్సింది గట్టి భాగాలు. నల్లిని లాక్టిక్ యాసిడ్‌లో ఉంచి కండ కరిగాక, నోటి భాగాన్ని సన్నటి సూదితో విడదీసి పక్కన పెట్టండి. శరీరాన్ని వెల్లకిలా పరచండి. కాళ్ల మొదళ్లలో ఉండే పలకలు నాలుగు గుంపులుగా కనిపిస్తాయి, వాటిలో నాలుగో జత పెద్దది. ఆ వెనక జననాంగం, దాని పలకల మీద గిన్నెల్లాంటి గుండ్రటి బుడిపెలు. కొన్ని జాతుల్లో అవి ఐదు జతలు, కొన్నిటిలో ఆరు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. రెండు వైపులా విడిగా లెక్కపెట్టండి, ఒక్కోసారి ఒక వైపు ఒకటి ఎక్కువ ఉంటుంది. చాలా జాతుల్లో ఆడదాని పలకలు ముందు, వెనక ముక్కలుగా చీలి ఉంటాయి. తర్వాత పాల్ప్. ఐదు కణుపుల్లో నాలుగోదాని మీద బొడిపెలు ఎక్కడున్నాయి, ఎంత ఎత్తున్నాయి చూసి బొమ్మ గీసుకోండి. చివరగా కాలి గోళ్లు: కొన చీలిందా, చీలితే రెండు పాయలూ సమానమేనా? నా మటుకు నాకు ఫొటో కంటే చేత్తో గీసిన బొమ్మే నమ్మకం. గీసేటప్పుడు కన్ను ప్రతి వెంట్రుక దగ్గరా ఆగుతుంది.

అపోహ: దొరికిన వెంటనే ఆల్కహాల్‌లో వేస్తే చాలు.

డీఎన్ఏ పరీక్షకైతే అదే సరైంది. స్లైడ్ కట్టడానికైతే కాళ్లు బిగుసుకుపోయి, ముట్టుకుంటే విరుగుతాయి. కోనికె ద్రావణం వాడండి: గ్లిసరిన్ ఐదు పాళ్లు, నీళ్లు నాలుగు పాళ్లు, గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ ఒక పాలు. శరీరం మెత్తగా ఉండి కాళ్లు చెప్పినట్టు వింటాయి.

అపోహ: నల్లి దొరికితే చాలు, ఏ ఆల్చిప్పలోదన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఒకసారి రెండు రకాల ఆల్చిప్పలను ఒకే బకెట్లో తెచ్చాను. ఎండకు దారిలోనే కొన్ని చచ్చాయి. ఇంటికొచ్చేసరికి నల్లులు వాటిని వదిలి నీళ్లలో తిరుగుతున్నాయి. ఏది ఎవరి ఇంట్లోదో చెప్పే దారి లేక ఆ రోజు సేకరణంతా పక్కన పెట్టేశాను. అప్పటి నుంచి ఒక ఆల్చిప్పకు ఒక సంచి, ఒక చీటీ.

ఇది చాదస్తం కాదు. అమెరికాలో పైగనోడాన్, అటర్‌బాకియా అనే రెండు ఆల్చిప్పల్లోని నల్లులను ఒకప్పుడు ఫార్మోసా అనే ఒకే జాతిగా లెక్కేసేవారు. నార్త్ కరోలినాలోని ఒక పొలం చెరువులో రెండు ఆల్చిప్పలూ కలిసే ఉండేవి, వాటిలోని నల్లుల మీద అక్కడ పరిశోధన జరిగింది. చివరికి 1994లో ఎడ్వర్డ్స్, విడ్రైన్ అనే శాస్త్రవేత్తలు అటర్‌బాకియాలో ఉండేదాన్ని ఫాయిలీ అనే వేరే జాతిగా వర్ణించారు. చూపుకు అంత దగ్గరగా ఉన్నవాటి విషయంలో ఆతిథేయి, అంటే నల్లి నివసించే ఆల్చిప్ప, పేరు రాయని చీటీ దేనికి పనికొస్తుంది?

నల్లి తన ఇల్లు గుర్తుపడుతుంది కూడా. 1930లో వెల్ష్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగంలో, ఆల్చిప్ప నుంచి తీసిన నల్లులు మామూలు నీళ్లలో వెలుతురు వైపు వెళ్లాయి. ఆతిథేయి ఆల్చిప్ప ఉన్న నీళ్లు కలపగానే వెలుతురుకు దూరంగా తిరిగాయి.

అపోహ: పుట్టుక నుంచి చావు దాకా ఆల్చిప్పలోనే.

చాలా జాతుల్లో కాదు. ఆడది ఆల్చిప్ప కండలోనే గుడ్లు పెడుతుంది. జాతిని బట్టి మొప్పలో, లోపలి పల్చటి పొరలో, లేదా పాదంలో. కాబట్టి గుడ్లు ఎక్కడున్నాయో కూడా రాసుకోండి. ఆరుకాళ్ల పిల్ల మాత్రం బయటికొచ్చి, సాయంత్రం చెరువు గట్టు దీపాల చుట్టూ మూగే కుట్టని దోమల్ని, అంటే కైరోనోమిడ్లను, పట్టుకుంటుంది. తర్వాత నీళ్లకు, మళ్లీ ఆల్చిప్పలోకి చేరి పెద్దదవుతుంది.

అపోహ: నల్లులుంటే ఆల్చిప్ప చస్తుంది, మనకూ అంటుతుంది.

మనకు అంటదు. ఆల్చిప్ప జిగురు, కండ తింటాయి నిజమే, మరీ ఎక్కువైతే మొప్పలు దెబ్బతినవచ్చు. కానీ పదుల కొద్దీ నల్లులతో ఆరోగ్యంగా ఉన్న ఆల్చిప్పలు మామూలే. ముత్యాల సాగు చేసేవారు నల్లి కనిపించిందని ఆల్చిప్పను పారేయనవసరం లేదు.

ఇంకో మాట. ఫార్మోసా జాతిలో ఒక ఆల్చిప్పలో ఎన్నో ఆడవి ఉన్నా, సాధారణంగా మగది ఒక్కటే ఉంటుంది. ఇంకో మగది వస్తే పోరాడి తరిమేస్తుంది. అందుకే ఆ ఒక్క మగదాన్ని వెతకడానికి మొప్పలు నాలుగూ మడత మడతగా విప్పి చూడండి.