గోదారి రైలు వంతెనలు: అపోహలు - వాస్తవాలు

రైల్వే వంతెనల తనిఖీ నా ఉద్యోగం. ఆ సంగతి తెలిస్తే చాలు, బండి కొవ్వూరు దాటగానే పక్కవాళ్లు ఒక చేత్తో గోదారమ్మకి చిల్లర వేస్తూనే ప్రశ్నలు మొదలుపెడతారు.

అపోహ: పాత వంతెన కాటన్ దొర కట్టించాడు.
వాస్తవం: ఆయనది ధవళేశ్వరం ఆనకట్ట, 1852లో పూర్తయింది. పాత వంతెన, అంటే హేవలాక్ వంతెన పని 1897లో మొదలై, 1900 ఆగస్టులో దాని మీద రైళ్లు తిరిగాయి. అప్పటికి కాటన్ చనిపోయి ఏడాది దాటింది. వంతెనకి పెట్టింది మద్రాసు గవర్నరు పేరు. కట్టిన ఇంజినీరు గ్రాన్‌విల్ వాల్టన్. ఆ పేరు మనవాళ్లకి తెలియకపోవడం నాకు బాధే.

అపోహ: ఫొటోల్లో విల్లుల్లా వంపులతో కనిపించేదే హేవలాక్.
వాస్తవం: అది 1997 నాటి కాంక్రీటు వంతెన. హేవలాక్‌వి రాతి స్తంభాలు, ఉక్కు గడ్డర్లు (స్తంభాల మీద ఆనే దూలాలు), 56 స్పాన్లు (రెండేసి స్తంభాల మధ్య భాగాలు). పైన రోడ్డు, కింద రైలు ఉన్నది 1974లో వచ్చిన ట్రస్ వంతెన, అంటే ఉక్కు కడ్డీలని త్రికోణాలుగా అల్లి కట్టింది.

అపోహ: బండి వెళ్తుంటే వంతెన అదిరిందంటే బలం తగ్గినట్టే.
వాస్తవం: బరువు పడితే ఉక్కు కాస్త వంగాలి, బండి దాటాక మళ్లీ యథాస్థానానికి రావాలి. ఎండకి సాగాలి కూడా. 1974 వంతెనలో పెద్ద స్పాను 91.5 మీటర్లు. వేడి 30 డిగ్రీలు పెరిగితే అది మూడు సెంటీమీటర్ల దాకా పొడుగవుతుంది. అందుకే గడ్డరుకి ఒక కొస బిగించి, రెండో కొస కదిలేలా బేరింగు పెడతారు. తుప్పు, దుమ్ము పట్టి అది బిగుసుకుపోతే ఆ తోపుడంతా స్తంభం నెత్తిన పడుతుంది. అదిరితే నాకు టెన్షన్ ఉండదు, కదలాల్సింది కదలకపోతేనే.

ఉక్కు ప్లేట్లని కలిపి పట్టే మేకుల్లాంటి రివెట్లని కంటితో చూసి వదిలేయలేం. ఎడమచేతి చూపుడువేలు సగం రివెట్ తల మీద, సగం ప్లేటు మీద ఆనించి, అదే తలని అవతలి పక్క నుంచి చిన్న సుత్తితో కొడతాం. రివెట్ వదులైతే వేలికి చిన్న కదలిక తగులుతుంది. ఆ రివెట్ చుట్టూ పెయింటుతో గుర్తు పెట్టి పక్కదానికి వెళ్తాం.

అపోహ: స్తంభాలు నిలబడ్డానికి నరబలి ఇచ్చారు.
వాస్తవం: చిన్నప్పుడు మా నాయనమ్మ చెబితే నేనూ నమ్మాను. నదిలో పునాది దిగేది బావి పద్ధతిలో. ఇసుకలో బావి లాంటి కట్టడం నిలబెట్టి, లోపలి ఇసుక తోడుతూ ఉంటే తన బరువుకి అదే దిగుతుంది. దిగేకొద్దీ పైన వరస కడుతూ పోతారు. గట్టి నేల తగిలాక అడుగున కాంక్రీటు పోసి మూసేస్తారు.

అపోహ: వరద తీసేస్తే గండం గడిచినట్టే.
వాస్తవం: మా అసలు పని అప్పుడే మొదలవుతుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకి ఎగరేస్తారు; 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షలు వచ్చింది. అంత ఉరవడికి స్తంభాల చుట్టూ ఇసుక కోసుకుపోతుంది. పైనుంచి చూస్తే నీళ్లు ప్రశాంతంగానే ఉంటాయి. పడవేసుకుని ఒక్కో స్తంభం చుట్టూ తిరిగి లోతు కొలిచి, నిరుటి లెక్క పక్కన పెట్టి చూశాకే ఏ బావి దగ్గర రాళ్లు పోయాలో తేలుతుంది.